హిమయుగములు — సముద్రపు పాతర



నా బాల్యమున మా మెట్టయూరిలో జొన్నల పాతరలుండెడివి. మీలో అనేకులు వానిని చూచియే యుందురు. లోతైన గోయి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, గింజలు పోసి, పైన మరల గడ్డి కప్పి, మట్టితో మెత్తి మూసివేయుదురు. అట్లు మూసిన జొన్నలు ఏడాదికిని రెండేండ్లకును చెడక నిలుచును. కాని పాతర తెఱచిన నాడు తొందరపడి లోనికి దిగువాని ప్రాణమునకు అపాయము కలదు. కావున పెద్దలు ముందుగా ఒక దీపమును త్రాటికి కట్టి లోనికి వదలెడివారు. దీపము వెలుగుచున్నచో మనుష్యుడు దిగవచ్చును. ఆఱిపోయెనా, మూతి తెఱచియుంచి గాలి మాఱువఱకు వేచియుండవలసినదే.

ఆ దీపము నార్పునది యేమి? మూసిన గోతిలో గింజలును, వానినంటిన సూక్ష్మజీవులును ఊపిరి విడుచును. ఆ ఊపిరి సామాన్యమైన గాలికంటె బరువైనదగుటచే పైకి పోక అడుగుననే నిలిచియుండును. పూర్వపు తెలుగు పుస్తకములు దానిని బొగ్గుపులుసు గాలి యనినవి. నేటి బడిపుస్తకములు కార్బన్ డయాక్సైడు అనుచున్నవి. ఈ ప్రసంగమున నేను పాతపేరునే వాడెదను.

నేడు నేను చెప్పబోవునది ఇట్టిదే యైన మఱియొక పాతర కథ. అది ధ్రువసముద్రముల అడుగున నుండెను. హిమయుగమున మూతపడి, వేలయేండ్లు మూసియుండి, పిదప తెఱవబడెను. మనమెఱిగిన వానలకును, సేద్యమునకును ఆ తెఱవబడుటతో సంబంధము కలదు.

ఈ సంగతి నేను నేర్చుకొనుటకు ఒక కారణము చెప్పవలెను. నేను తెలుగు పండితుడనై బడిలో పాఠము చెప్పుచున్న కాలమున ఒకనాడు బడబాగ్ని మాట వచ్చినది. సముద్రగర్భమున ఒక అగ్ని కలదనియు, అది నీటిని త్రాగుచుండుటచేతనే సముద్రము పొంగి నేలను ముంచకయున్నదనియు మన పురాణములు చెప్పుచున్నవి గదా. అది వివరించుచుండగా ఒక బాలుడు లేచి, “మాస్టారూ, సముద్రం అడుగున నిప్పుంటే అడుగు నీళ్లు వేడిగా ఉండాలి గదండీ? సైన్సు మాస్టారు చల్లగా ఉంటాయన్నారు” అని యడిగెను. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు మాఱుగా “కూర్చుండుము” అని గద్దించితిని. వాడు కూర్చుండెను. మరల నన్నేమియు అడుగలేదు. ఉద్యోగము విరమించిన పిదప ఆ ప్రశ్న నన్ను విడువక వెంటాడినది. దాని జవాబు వెదకుచు చదివిన దానిలో కొంత నేడు మీకు వినిపించుచున్నాను.

మొదట హిమయుగమనగా నేమో చెప్పెదను. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట ఉత్తర అమెరికాలో కెనడాదేశపు అధికభాగమును, ఐరోపాలో నార్వే, స్వీడను మొదలగు దేశములును మంచుగడ్డ క్రింద అణగియుండెను. ఆ మంచు కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల మందముండెను. అంత నీరు నేలపై గడ్డకట్టియుండుటచే సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు, అనగా ఇంచుమించు డెబ్బది నిలువులు, క్రిందికి దిగియుండెను. మన మైదానములలో మంచు లేదు. కాని తీరము నేటికంటె తూర్పుగా జరిగియుండెను. మనదేశమునకును సింహళమునకును నడుమ నేల బయటపడియుండెను. నైరృతి ఋతుపవనము బలహీనమై యుండెనని బంగాళాఖాతపు అడుగు బురద సాక్ష్యమిచ్చుచున్నది. నదులు తెచ్చు మంచినీరు తగ్గుటచే నాటి బంగాళాఖాతపు పైనీరు నేటికంటె ఉప్పగా నుండెనట.

ఇట్టి కాలమొకటి యుండెనని లోకమునకు తెలిసిన విధము వినదగినది. స్విట్జర్లాండులో జాన్ పియెర్ పెరోడాన్ అను వేటగాడుండెను. పర్వతములందలి హిమానీనదములు పూర్వము లోయ పొడుగునను క్రిందివఱకు వ్యాపించియుండెననియు, లోయలో అక్కడక్కడ పడియున్న పెద్దబండలను మోసితెచ్చినవి అవియేననియు అతడు కన్నులతో చూచి గ్రహించెను. 1815లో తన గుడిసెలో రాత్రి బసచేసిన షార్పాంత్యే అను విద్వాంసునితో ఆ మాట చెప్పెను. విద్వాంసుడు నమ్మలేదు. చాల సంవత్సరములకు తరువాత తానే పరిశీలించి, వేటగాని మాటయే నిజమని యొప్పుకొనెను. ఆయనవలన నేర్చుకొనిన లూయీ అగాసీ 1837లో నూషాతెల్ నగరపు సభలో హిమయుగ సిద్ధాంతమును ప్రకటించెను. చదువుకొన్నవాడు చదువులేనివాని మాటను త్రోసివేయుట ఎంతటి పొరపాటో ఆ కథ చెప్పుచున్నది. నాకు నా శిష్యుని ముఖము జ్ఞాపకము వచ్చినది.

హిమయుగము ఏల వచ్చెను, ఏల పోయెను అను ప్రశ్నకు మొదటి గొప్ప సమాధానము స్కాట్లండు దేశస్థుడైన జేమ్స్ క్రాల్ అనునతడు చెప్పెను. అతడు వడ్రంగము చేసినవాడు, తేయాకు దుకాణము పెట్టినవాడు. 1859లో గ్లాస్గో నగరమున ఒక కళాశాల ప్రదర్శనశాలకు కావలివాడుగా కుదిరి, అక్కడి పుస్తకములను రాత్రింబవళ్లు చదివి, 1864లో తన సిద్ధాంతమును అచ్చువేసెను. సూర్యుని చుట్టును భూమి తిరుగు మార్గము మెల్లమెల్లగా మాఱుచుండుటచే ఎండ పడు తీరు మాఱునని అతని వాదము. తరువాత సెర్బియా దేశస్థుడగు మిలుటిన్ మిలాంకోవిచ్ ఆ లెక్కను సంపూర్ణముగా కట్టి 1941లో గ్రంథముగా ప్రకటించెను. భూకక్ష్య యొక్క సాగుదల ఇంచుమించు 1,00,000 సంవత్సరములకును, ఇరుసు వాలు 41,000 సంవత్సరములకును ఒక ఆవృత్తి మాఱును. మన జ్యోతిషులు అయనచలనమని పిలుచునదియు అందొక భాగము. ఎండ విషయమున దాని ఆవృత్తి సుమారు 23,000 సంవత్సరములు. 1976లో హేస్, ఇంబ్రి, షాకిల్టన్ అను మువ్వురు దక్షిణ హిందూమహాసముద్రపు అడుగునుండి తీసిన బురదలోని సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి, హిమయుగముల రాకపోకలలో ఈ ఆవృత్తులన్నియు కనబడుచున్నవని నిరూపించిరి.

అయినను చిక్కు తీఱలేదు. కక్ష్య మాఱుటచే ఎండ ఒకచోట తగ్గి మఱియొకచోట పెరుగునే గాని, భూమికి మొత్తముపై అందు ఎండలో భేదము మిక్కిలి స్వల్పము. అంత చిన్న కారణమునకు ఇంత పెద్ద కార్యమెట్లు? ఉత్తరార్ధమును దక్షిణార్ధమును ఒకేకాలమున చల్లబడుట యెట్లు? అభియోగము ఒకటి, శిక్ష వేఱొకటి యైనట్లున్నది. నడుమ మఱియొక చేయి యుండవలెను.

ఆ చేయి గాలిలో నున్నది. 1859లో జాన్ టిండల్ అను పండితుడు బొగ్గుపులుసు గాలి వేడిని పట్టి యుంచునని ప్రయోగముచే చూపెను. అది భూమికి దుప్పటివంటిది. 1896లో స్వీడను దేశపు అర్హీనియస్ ఆ గాలి తగ్గినచో హిమయుగము రాగలదని లెక్క కట్టెను. కాని హిమయుగమునాటి గాలిని ఎవరు చూచిరి? అది ఎక్కడ దొరకును?

అది మంచులోనే దొరికినది. 1965లో అంటార్కిటికాలో పనిచేయుచున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ లోరియుస్ ఒకనాటి సాయంకాలము పాతకాలపు మంచుముక్కను తన పానీయపు గిన్నెలో వేసికొనెను. మంచు కరగుచుండగా అందునుండి బుడగలు చిటపటలాడుచు పైకి వచ్చెను. ఆ బుడగలు ఆ మంచు పడిన కాలపు గాలియే గదా యని ఆయనకు తోచెను. 1980 ప్రాంతమున ఫ్రాన్సులోని గ్రెనోబుల్, స్విట్జర్లాండులోని బెర్న్ నగరముల పరిశోధకులు ఆ బుడగలను కొలిచిరి. నాటినుండి లోతు పెంచుచు పోయి, 2008 నాటికి 8,00,000 సంవత్సరముల గాలిచరిత్రను వ్రాసిరి. ఆ చరిత్ర చెప్పునదేమనగా, మంచు పెరిగిన ప్రతిమాఱును పదిలక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు గాలి సుమారు 180 పాళ్లకు దిగినది. మంచు కరగిన కాలములలో 280 పాళ్లకు దగ్గఱగా ఎక్కినది. ఎక్కుటయు దిగుటయు ఊపిరివలె మరల మరల జరిగినవి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తగ్గిన నూఱు పాళ్లు ఎక్కడికి పోయెను? అది అల్పమైన మొత్తము కాదు; అందలి కర్బనమే సుమారు 20,000 కోట్ల టన్నులు. అడవులలో దాగినదందమా, హిమయుగమున అడవులు తగ్గినవే గాని పెరుగలేదు. నేల పోగొట్టుకొనిన కర్బనము సముద్రమునకే చేరెనని షాకిల్టన్ 1977లోనే గుల్లల పరీక్షచే సూచించెను. కావున సముద్రము గాలి పోగొట్టుకొనిన దానినే గాక నేల పోగొట్టుకొనిన దానినిగూడ మ్రింగవలసి వచ్చెను. మ్రింగుటకు చోటు లేకపోలేదు. గాలిలోనున్న కర్బనముకంటె సముద్రములోనున్నది సుమారు అఱువది రెట్లు. ధనవంతుని యింటిలో బీదవాని సొమ్ము దాచినను జాడ కనబడనట్లు, సముద్రములో అది కలిసిపోయినది.

కాని పైనీటిలో దాచిన సొమ్ము నిలువదు. గాలి తగులగానే మరల పైకి పోవును. అడుగునకు చేరి, అక్కడ మూతపడవలెను. అడుగునకు త్రోవ ఏది? ఇచ్చట నా శిష్యుని ప్రశ్నకు మొదటి జవాబు దొరకుచున్నది.

1751లో హెన్రీ ఎల్లిస్ అను ఓడనాయకుడు అట్లాంటిక్ సముద్రపు ఉష్ణప్రాంతమున బానిసల వ్యాపారపు ఓడ నడుపుచు, స్టీఫెన్ హేల్స్ అను పండితుడు కల్పించిన మూతల బాల్చీని ఉష్ణమాపకముతో సహా 5,346 అడుగుల లోతునకు దింపెను. పైనీరు ఫారన్‌హీటు కొలతలో 84 డిగ్రీలు. లోతునీరు 53 డిగ్రీలు. ఎండ మండుచున్న చోట అడుగున అంత చల్లదనము! ఎల్లిస్ ఆ నీటిని స్నానమునకును, ద్రాక్షమద్యము చల్లార్చుకొనుటకును వాడుకొనెనే గాని కారణము వెదకలేదు. ఆ శతాబ్దాంతమున కౌంట్ రమ్‌ఫర్డ్ అను పండితుడు, ఆ చల్లని నీరు అక్కడ పుట్టినది కాదు, ధ్రువములనుండి అడుగుదారిని వచ్చినదై యుండవలెనని యూహించెను. 1872 మొదలు 1876 వఱకు లోకమంతయు చుట్టిన ఛాలెంజర్ ఓడవారు ఎల్లెడల అడుగునీరు చల్లనిదేయని కొలిచి చూపిరి.

మన బంగాళాఖాతమునకును ఇదియే న్యాయము. పైన మన జాలరులు వల వేయు నీరు 28 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనముతో నుండగా, మూడువేల మీటర్ల అడుగున నీరు రెండు డిగ్రీలకు దగ్గఱగా నుండును. ఆ చల్లదనము మన దేశపుది కాదు. అంటార్కిటికా చెంత చల్లబడి, బరువెక్కి, మునిగిన నీరు హిందూమహాసముద్రపు అడుగున ప్రాకుచు మనవఱకు వచ్చినది. అట్లు మునిగిన నీరు మరల గాలి ముఖము చూచుటకు సుమారు వేయి సంవత్సరములు పట్టును. కావున ధ్రువసముద్రములు పాతరకు మూతివంటివి. దింపవలసినదంతయు అక్కడనే దిగును. ఎక్కువగా అక్కడనే పైకి తేలును.

ఇక బొగ్గుపులుసు గాలి అడుగునకు చేరు విధములు రెండు. మొదటిది చల్లదనము. గోలీసోడాను ఎండలో నుంచి తీసినచో గాలి భుగ్గుమని పొంగిపోవును. చల్లని నీటిలో ముంచి తీసినచో నిలిచియుండును. చల్లనినీరు గాలిని ఎక్కువగా పట్టియుంచును. కాని లెక్క చూడగా చల్లదనము ఒక్కటియే ఆ నూఱుపాళ్లలో కొంతభాగమును మాత్రమే వివరింపగలదు. రెండవది ప్రాణులు. పైనీటిలో కంటికానని మొక్కలు కోటానుకోట్లు పెరుగును. అవి బొగ్గుపులుసు గాలిని తిని, చచ్చి, చిఱుపొట్టువలె అడుగునకు రాలును. అడుగున క్రుళ్లి ఆ గాలినే మరల విడుచును. పాతరలో జొన్నలు ఊపిరి విడిచినట్లే సముద్రపు అడుగున ఈ రాలినవి ఊపిరి విడుచును. పైన ఎవడైన మూతి తెఱచువఱకు అది అక్కడనే నిలిచియుండును.

నేడు ఆ మూతి తెఱచియున్న చోటు అంటార్కిటికా చుట్టునున్న దక్షిణమహాసముద్రము. అక్కడి పెనుగాలుల త్రోపుడుచే లోతునీరు పైకి వచ్చి, తాను దాచిన బొగ్గుపులుసు గాలిని విడుచుచున్నది. 1984లో అమెరికాలోని ప్రిన్స్‌టన్, హార్వర్డ్ విద్యాలయములవారును, బెర్న్ నగరమువారును, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, మూడు వేఱువేఱు లెక్కలతో ఒకే సిద్ధాంతమునకు వచ్చిరి. ధ్రువసముద్రపు మూతి కొంత మూతపడినచో చాలును, లోకమంతటి గాలిలో బొగ్గుపులుసు గాలి తగ్గిపోవునని వారు చెప్పిరి.

మూతపడుటకు కారణములు మూడు చెప్పుదురు. సముద్రపు మంచు మొదటిది. హిమయుగమున అంటార్కిటికా చుట్టును సముద్రముపై మంచుపలక ఉత్తరమునకు దూరముగా వ్యాపించి, నీటికిని గాలికిని నడుమ మూతవలె నిలిచెను. ఉప్పు రెండవది. ఉప్పునీరు గడ్డకట్టునపుడు ఉప్పును బయటికి నెట్టును. ఆ చిక్కని ఉప్పునీరు మునిగి అడుగున నిలిచెను. బరువైన నీరు అడుగున, తేలికైనది పైన నున్నప్పుడు రెండును కలియుట కష్టము. ధూళి మూడవది. హిమయుగమున నేలలు ఎండి, గాలులు ధూళిని సముద్రమునకు మోసికొనిపోయెను. ధూళిలోని ఇనుము దక్షిణసముద్రపు సూక్ష్మపు మొక్కలకు ఎరువయ్యెనని జాన్ మార్టిన్ అను శాస్త్రజ్ఞుడు 1990లో ప్రతిపాదించెను. ఎరువు పడిన చేను ఏపుగా పెరుగును గదా.

ఇవి ఊహలు మాత్రమేయా, సాక్ష్యము కలదా యని మీరడుగుట న్యాయము. సాక్ష్యము కలదు. సముద్రపు అడుగు బురదలో, పొరల నడుమ, హిమయుగపు నీటి జాడ నేటికిని చిక్కుకొనియున్నది. 2002లో ఆడ్కిన్స్ మొదలగువారు ఆ బురదను పిండి, నీటిలోని ఉప్పును కొలిచిరి. నాటి లోతునీరు ఎల్లెడల గడ్డకట్టు చల్లదనమునకు దగ్గఱగా నుండెననియు, అన్నిటికంటె ఉప్పనైన నీరు దక్షిణమహాసముద్రపు అడుగున నుండెననియు తేలినది. నేటి స్థితికి ఇది తలక్రిందులు. మఱియు 2010లో స్కిన్నర్ మొదలగువారు దక్షిణ అట్లాంటిక్ లోతున దొరకిన గుల్లలలోని రేడియో కార్బన్ అను కాలమానముచే, హిమయుగపు అడుగునీరు గాలిని చూచి నేటికంటె రెట్టింపునకు మించిన కాలమై యుండెనని కనుగొనిరి. అనగా పాతర చాలకాలము తెఱవబడలేదన్నమాట.

ఇంతవఱకు దక్షిణధ్రువపు కథ. ఉత్తరధ్రువపు కథ ఇంకను ఆశ్చర్యకరము. గ్రీన్లాండు, ఐస్లాండు, స్కాట్లండుల నడుమ సముద్రపు అడుగున ఎత్తైన గట్టు కలదు. దానికి ఉత్తరముననున్న ధ్రువసముద్రము గట్టుకట్టిన చెఱువువంటిది. నేడు నార్వే చెంత పైనీరు చలికాలమున చల్లబడి మునుగుచుండుటచే అక్కడి లోతునీరు సున్నకు ఒక డిగ్రీ దిగువగా నుండును. హిమయుగమున ఇంకను చల్లగా నుండవలెనని ఎవరైన తలంతురు. కాని 2012లో క్రోనిన్ మొదలగువారు ఉత్తరధ్రువసముద్రమున వేయి మొదలు రెండువేల ఐదువందల మీటర్ల లోతున నీరు నాడు నేటికంటె ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా నుండెనని గుల్లల పరీక్షచే చూపిరి. 2015లో థార్నలీ మొదలగువారు నార్వే సముద్రపు లోతునీరును నేటికంటె రెండు మూడు డిగ్రీలు వెచ్చగా నుండెననియు, అది గాలిని చూచి 10,000 సంవత్సరములవఱకు కాలము గడచియుండెననియు కనుగొనిరి.

పైన మంచు, అడుగున వెచ్చదనము! ఇదెట్లు? చల్లబడి మునుగవలసిన నీరు మునుగుట మానినది. పైన తేలికయైన చల్లని నీరును, దానిపై మంచును మూతగా నిలిచినవి. అడుగునీటికి భూగర్భమునుండి వచ్చు వేడి మెల్లమెల్లగా సోకుచుండెను. ఏటికి లెక్కకు రానిదైనను, వేలయేండ్లు చేరి ఆ వేడి నిలువయయ్యెను. బూడిద కప్పిన నిప్పు తెల్లవాఱువఱకు వేడిని దాచినట్లు, ఆ మూసిన సముద్రము వేడిని దాచెను, దానితో ప్రాతబడిన కర్బనమునుగూడ దాచెను.

ఇచ్చట పండితులు పొరపడు చోటొకటి కలదు. ఇది విన్నంతనే “బడబాగ్ని యనగా ఇదియే! మనవారికి ముందే తెలియును!” అని కేకవేయుటకు నా నాలుక ఉవ్విళ్లూరినది. కాని అది సత్యము కాదు. మన పూర్వులు కవులు, ద్రష్టలు. వారు సముద్రపు అడుగున ఉష్ణమాపకమును దింపలేదు. వారు చెప్పినది వారి గౌరవమునకు చాలును. చెప్పనిదానిని వారి నోట పెట్టుట వారికి సేవ కాదు. మఱియు ఆ వెచ్చదనము ఆ గట్టు లోపలి సముద్రమునకు సంబంధించినదే గాని లోకములోని సముద్రములన్నిటిదియు కాదు. మంచుబుడగలలోని క్రిప్టాన్, జీనాన్ అను జడవాయువులను కొలిచి, హిమయుగమున మహాసముద్రముల సగటు వేడి నేటికంటె సుమారు రెండున్నర డిగ్రీలు తక్కువగా నుండెనని 2018లో బెరైటర్ మొదలగువారు చూపిరి. దక్షిణపు పాతరలో కర్బనము దాగినది. ఉత్తరపు చిన్న పాతరలో వేడియు కర్బనమును దాగినవి. ఇదియే నాడు నేను ఆ బాలునికి చెప్పవలసియుండిన జవాబు: “నాయనా, నీవడిగినది నిజము. అడుగునీరు చల్లనిదే. అది ధ్రువములనుండి వచ్చినది. ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క చోట, వెచ్చగాను నుండెను.”

పిదప పాతరలు తెఱవబడినవి. సుమారు 18,000 సంవత్సరముల క్రిందట మొదలుకొని దక్షిణమున సముద్రపు మంచు వెనుకకు తగ్గెను. పెనుగాలుల త్రోపుడుచే లోతునీరు మరల పైకి వచ్చెను. లోతునీటి ఎరువుచే పెరిగిన సూక్ష్మపు మొక్కల గాజుగుల్లలు ఆ కాలపు అడుగుబురదలో కుప్పలుగా నున్నవని 2009లో ఆండర్సన్ మొదలగువారు కనుగొనిరి. ఉత్తరపు వెచ్చని పాతనీరును గట్టు దాటి అప్పుడప్పుడు అట్లాంటిక్‌లోనికి పొరలివచ్చెను. గాలిలో బొగ్గుపులుసు గాలి 180 పాళ్లనుండి పైకి ఎక్కుచు, సుమారు 7,000 సంవత్సరములలో 260 పాళ్లు దాటెను. ఎక్కుట సమముగా సాగలేదు. నడుమ కొన్నిమాఱులు రెండువందల యేండ్లలోపుననే పది పదునైదు పాళ్లు ఒక్కుమ్మడిగా ఎక్కెనని పశ్చిమ అంటార్కిటికా మంచును పరీక్షించి 2014లో తెలిపిరి. పాతర మూతి ఒక్కసారిగా తెఱచినప్పుడు గాలి గుప్పున వచ్చును గదా. మంచు కరగెను, సముద్రము పొంగెను, మన ఋతుపవనము మరల బలపడెను. ఆ పిమ్మట స్థిరపడిన ఋతువులలోనే మనుష్యులు విత్తు చల్లుటయు, ఊళ్లు కట్టుటయు నేర్చిరి.

పెద్దలారా! ఇది కేవలము గతచరిత్ర యైనచో నేను మిమ్ము ఇంతసేపు కూర్చుండబెట్టకపోదును. నేడు మనుష్యులు మఱియొక పాతర తెఱచియున్నారు. అది బొగ్గుగనులది, చమురుబావులది. మన గోదావరిలోయ బొగ్గుపొరలు పాతికకోట్ల యేండ్లకు మించిన ప్రాతవి. అంతటి ప్రాతదానిని మనము ఒకటి రెండు శతాబ్దములలో తీసి కాల్చుచున్నాము. యంత్రముల యుగమునకు ముందు 280 పాళ్లున్న బొగ్గుపులుసు గాలి 2024 నాటికి 420 పాళ్లు దాటినది. హిమయుగమునుండి బయటపడుటకు ప్రకృతి ఏడువేల యేండ్లలో ఎక్కించినదానికంటె ఎక్కువగా మనము రెండువందల యేండ్లకు కొంచెము మించిన కాలములో ఎక్కించితిమి. ఎనిమిది లక్షల యేండ్ల మంచుబుడగలలో ఇట్టి అంకె ఒక్కటియు లేదు.

ఇంకను సముద్రము మనకు చేయి అందించుచున్నది. మనము విడుచు బొగ్గుపులుసు గాలిలో సుమారు నాలుగవ వంతును, అందువలన భూమిపై చేరు అదనపు వేడిలో పదింట తొమ్మిది పాళ్లకు మించి సముద్రమే పుచ్చుకొనుచున్నది. ఆ పుచ్చుకొనుటలో పెద్ద పాలు దక్షిణమహాసముద్రముదే. సముద్రము పుచ్చుకొననిచో ఈపాటికి మన వేసవి యెట్లుండెడిదో తలచుకొనుడు. కాని పుచ్చుకొనినది మాయమైపోలేదు. నీరు పులుపెక్కి గుల్లజీవులకు బాధ కలుగుచున్నది. అంటార్కిటికా అడుగునీరు ఇటీవలి దశాబ్దములందు వెచ్చబడుచున్నదని కొలతలు చెప్పుచున్నవి. అప్పిచ్చినవాడు మౌనముగా నున్నాడని అప్పు తీఱినట్లు కాదు. సముద్రము దాచగలదు, తిరిగి ఇయ్యనుగలదు. ఎప్పుడు ఎంత ఇచ్చునో దాని నిర్ణయమే గాని మనది కాదు. హిమయుగముల చరిత్ర మనకు నేర్పు పాఠమిదియే.

మన పెద్దలు పాతరలోనికి దీపము వదలకుండ దిగలేదు. దీపము ఆఱినచో “ఏమగునులే” అని దిగినవానిని వివేకియనలేదు. మంచుబుడగలును, బురదలోని గుల్లలును నేటి శాస్త్రజ్ఞులు పాతరలోనికి వదలిన దీపములు. ఆ దీపము రెపరెపలాడుచున్నది, ఆఱిపోలేదు. ఆఱిన పిమ్మట మేల్కొనుట గతజలసేతుబంధనమగును.

చివరగా ఒక్క మనవి. మీ యిండ్లలో మనుమలు బడికి పోవుచున్నారు. వారు వచ్చి సముద్రము ఏల చల్లన, వాన ఏల ఆలస్యము, ఎండ ఏల ఎక్కువ అని యడిగినచో, తెలిసినంత చెప్పుడు. తెలియనిచో తెలియదని చెప్పి, వారితో కలిసి వెదకుడు. కూర్చుండుమని మాత్రము గద్దింపకుడు. ఆ తప్పు నేను చేసితిని. ఆ బాలుడు నేడెక్కడ నున్నాడో తెలియదు. ఈ మాటలు వినుచున్నచో, ఇది వానికి ఆలస్యముగా చెప్పిన జవాబు.